కాలినడకన వచ్చిన ఎకరాలు

1951 మార్చి 8న వినోబా భావే వార్ధా దగ్గరి పౌనార్ ఆశ్రమం నుంచి హైదరాబాదుకు బయల్దేరారు. నగరం అంచున శివరాంపల్లిలో ఏప్రిల్ రెండో వారంలో గాంధేయవాదుల సర్వోదయ సమ్మేళనం. వార్ధాలో రైలెక్కితే కాజీపేట మీదుగా మర్నాటికల్లా దిగొచ్చు. ఆయన నడిచారు. సుమారు 300 మైళ్ళు, నెల రోజులు. అప్పటికి ఆయనకు 55 దాటాయి. కడుపులో పుండు. పెరుగు తప్ప పెద్దగా ఏదీ ఇమడని ఒళ్ళు.

మొదట అసలు రానన్నారు. సర్వోదయ నాయకుడు శంకరరావు దేవ్ పట్టుబట్టాక సరేనన్నారు గాని, నడిచే వస్తానన్నారు. దానికో కారణం ఉంది. అంతకు ముందు ఏడాది నుంచి పౌనార్లో డబ్బు ముట్టకుండా బతికే ప్రయోగం చేస్తున్నారు. ఎడ్లు కూడా లేకుండా చేతులతోనే మట్టి తవ్వి పంట తీస్తున్నారు. అలాంటప్పుడు టికెట్టు కొని రైలెక్కడం ఆయన మనసుకు ఒప్పలేదు. ఆశ్రమం గడప దాటిన ఆ ఉదయం, లేనివాళ్ళ కోసం ఉన్నవాళ్ళను భూమి అడగాలన్న ఊహే ఆయనకు లేదు. భూదానమన్న మాట అప్పటికి పుట్టలేదు.

నేను భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. ఉమ్మడి నల్గొండ జిల్లాలో గొలుసు వెంట తిరిగాను. భూదానం మీద పుస్తకాలు చాలా వచ్చాయి. కొందరు దాన్ని మహాత్యాగమన్నారు, కొందరు దొరల భూములను కాపాడిన ఎత్తుగడ అన్నారు. రెండు వైపులా చెప్పుకోదగ్గ ఆధారాలున్నాయి. నా చూపు మాత్రం ఎప్పుడూ ఆ నడక మీదే నిలిచింది. భూదానం ఊరికీ ఊరికీ మధ్య బాట మీద పుట్టిన ఆలోచన. బాట మీదే మారింది, బాట మీదే పెరిగింది. అది తడబడ్డది కూడా నడక కరువైన చోటే. కొలతల పని చేసినవాడికి ఇది మిగతావాళ్ళకంటే స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే రాస్తున్నాను.

మా పాత కొలత గొలుసు 33 అడుగులు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న చదరాన్ని గుంట అంటాం. 40 గుంటలు ఎకరం. అంటే మనిషి నేల మీద గొలుసు పరుచుకుంటూ నడిస్తే పుట్టిన లెక్క ఇది. నలుచదరంగా ఉన్న ఎకరం చుట్టూ తిరిగితే 835 అడుగులు వస్తుంది, మామూలు మనిషికి మూడు వందల ముప్పై అంగలు. కానీ నలుచదరంగా ఉన్న చేను ఏ ఊళ్ళోనూ దొరకదు. ఒక మూల వాగు కోసేసి ఉంటుంది, ఇంకో వైపు బండ అడ్డం వచ్చి గట్టు వంగి ఉంటుంది. చైన్‌మన్ ముందు గొలుసు లాగుతూ పోతుంటే వెనక సర్వేయరు నడవాలి. క్రాస్‌స్టాఫ్‌లోంచి లంబం ఎక్కడ పడుతుందో చూసుకోవాలి, చేతిలోని టిప్పన్‌తో, అంటే ఆ చేను కొలతల చిత్తుపటంతో, పోల్చుకోవాలి, మళ్ళీ నడవాలి.

హద్దు తగాదాల్లో నేను నేర్చుకున్న పాఠం ఒకటుంది. అన్నదమ్ములిద్దరినీ ఆఫీసులో బల్లకు అటొకరిని ఇటొకరిని కూచోబెట్టి నక్షా పరిస్తే ఒక్క మాటా తెగదు. ఇద్దరూ కాగితం వంక చూడరు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అదే ఇద్దరినీ మోక మీదికి తీసుకుపోయి గట్టు వెంట నడిపిస్తే సంగతి వేరు. గట్టు మీద ఎదురెదురుగా నిలబడటానికి చోటుండదు, ఒకరి వెనక ఒకరు ఒకే దిక్కుకు పోవాలి. మొదటి హద్దురాయి దగ్గర ఇద్దరూ మాట్లాడరు. బావి దాటాక పెద్దోడు, "నాయిన ఉన్నప్పుడు ఈ ఈతచెట్టు దాకా మనదే కద తమ్మీ" అంటాడు. తమ్ముడు కాదంటాడు, కాని ఎందుకు కాదో చెప్తాడు. ఆ చెప్పడంలోనే దారి దొరుకుతుంది. సర్వేయరుకు తెలియనిది, నక్షాలో లేనిది, ఆ నేల మీద నడిచిన మనిషి కాళ్ళకు గుర్తుంటుంది. నేను తెంపిన తగాదాల్లో చాలావరకు గొలుసు పరవకముందే, ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి, సగం తెగిపోయినవే.

ఇక 1951 నాటి నల్గొండ సంగతి. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయినప్పటి నుంచి ఈ ప్రాంతం మండుతూనే ఉంది. వెట్టికీ, దొరల భూములకూ వ్యతిరేకంగా లేచిన జనం ఆయుధాలు పట్టారు. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ చెప్పుకుంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక, పట్నాలకు పారిపోయిన దొరలు చాలామంది తిరిగొచ్చారు. పంచిన భూమిలో చాలా భాగం మళ్ళీ వాళ్ళ చేతికే పోయింది. పగలు పోలీసులు, మిలిటరీ ఊళ్ళ మీద పడేవాళ్ళు, రాత్రి కమ్యూనిస్టు దళాలు నడిచేవి. పోరాటాన్ని విరమిస్తున్నట్టు పార్టీ ప్రకటించింది 1951 అక్టోబరులో. ఏప్రిల్ నాటికి ఆ మాట ఇంకా రాలేదు. భూమి సమస్య తెగేదెట్లాగో ఢిల్లీకీ తెలియదు, హైదరాబాదుకూ తెలియదు.

సమ్మేళనం ముగిశాక ఏప్రిల్ 15న, శ్రీరామనవమి నాడు, వినోబా హైదరాబాదు జైల్లో కమ్యూనిస్టు ఖైదీలను కలిశారు. వాళ్ళతో మాట్లాడి, వాళ్ళు తిరిగిన ఊళ్ళనే చూడాలని తూర్పు బాట పట్టారు. హయత్‌నగర్, బాటసింగారం దాటి ఏప్రిల్ 18 ఉదయం పోచంపల్లి చేరారు. స్వాతంత్ర్య పోరాటంలో వేలూరు జైల్లో ఉన్నప్పుడు ఆయన దక్షిణాది భాషలు నేర్చుకున్నారు, తెలుగు చదవగలిగేవారు. మన ఊళ్ళు మాత్రం ఆయనకు కొత్త.

పోచంపల్లి అప్పటికే మగ్గాల ఊరు. ఏడు వందల గడపల్లో భూమి లేనివాళ్ళే ఎక్కువ. వినోబా దళితవాడకు వెళ్ళి, మీకేం కావాలని అడిగారు. నలభై కుటుంబాల తరఫున వాళ్ళు అడిగింది 80 ఎకరాలు: 40 తరి, 40 ఖుష్కి. కొలతల మనిషిగా ఆ అడిగిన తీరు దగ్గర నేను ఆగిపోతాను. భూమి కావాలని నోటికొచ్చినంత అడగలేదు. ఇంటికి రెండెకరాలు, అందులో ఒకటి నీటి కింద, ఒకటి చెలక. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు జొన్నో ఆముదమో. తరతరాలుగా పరాయి పొలాల్లో వంగి పనిచేసి, ఊరి శివారంతా కాళ్ళతో ఎరిగినవాళ్ళు వేసిన లెక్క అది. ఏ ప్లానింగ్ కమిషన్ లెక్కకూ తీసిపోదు.

వినోబాకు ముందు తోచింది ఎవరికైనా తోచేదే. అర్జీ రాసివ్వండి, ప్రభుత్వానికి పంపుతానన్నారు. ఆ అర్జీ ఎన్నాళ్ళకు కదులుతుందో ఆయనకూ తెలుసు. అక్కడే గుమిగూడిన ఊరివాళ్ళ వైపు తిరిగి, ఈలోగా మీలో ఎవరైనా ఇవ్వగలరా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకొచ్చారు. అడిగింది 80, వచ్చింది 100. మాకు 80 చాలని దళితులు అన్నట్టు చెబుతారు.

రైల్లో వచ్చిన మనిషికి ఈ ప్రశ్న ఎదురయ్యేదే కాదు. శివరాంపల్లి వేదిక మీద భూసమస్య గురించి ఎంతసేపైనా మాట్లాడి ఉండొచ్చు, తీర్మానం కూడా చెయ్యొచ్చు. కానీ ఫలానా నలభై ఇళ్ళకు ఫలానా ఎనభై ఎకరాలు అనే కొలతకొచ్చిన ప్రశ్న ఆ వాడలోకి నడిచి వెళ్ళినవాడికే దొరుకుతుంది. కొలతకొచ్చింది గనకే అప్పటికప్పుడు జవాబు కూడా దొరికింది. దేశంలో భూమి లేనివాళ్ళ సమస్య తీర్చమంటే రామచంద్రారెడ్డి మాత్రం ఏం చేస్తారు?

ఆ రాత్రి వినోబాకు సరిగా నిద్ర పట్టలేదు. దేవుడి మీద ఎంత నమ్మకమో, గణితం మీదా అంత నమ్మకమున్న మనిషి ఆయన. ఒక ఊళ్ళో జరిగింది దేశమంతా జరగాలంటే ఎంత భూమి కావాలని లెక్క వేసుకున్నారు. ఐదు కోట్ల ఎకరాలని తేలింది. సాగుభూమి 30 కోట్ల ఎకరాలు అనుకుంటే అందులో ఆరో వంతు. అంత భూమి అడిగితే వస్తుందా? గదిలో కూచుని వేసిన లెక్కయితే అక్కడితోనే ఆగిపోయేది. తెల్లవారితే ఆయన ఇంకో ఊరికి నడవాలి. నడిచి, అక్కడా అడిగి చూశారు. అక్కడా ఇచ్చారు. ఆ ఆరో వంతు లెక్కే తర్వాత ఆయన నోట ఇంటింటి మాటయింది: మీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడిగా అనుకోండి, నా వాటా నాకివ్వండి. కోట్ల ఎకరాల అంకె ఇంటి పంపకం స్థాయికి దిగింది. అన్నదమ్ముల వాటాలు తెలియని రైతు మన దేశంలో ఉండడు. రాత్రి భయపెట్టిన అంకె, నాలుగు ఊళ్ళు నడిచేసరికి పిల్లవాడికైనా అర్థమయ్యే అడుగుడయింది.

ఆయన నడక తీరు కూడా చెప్పుకోవాలి. మూడింటికి లేవడం, ప్రార్థన, ఇంకా చీకటి ఉండగానే లాంతరు వెలుగులో బయల్దేరడం. తొలి దశలో మాటలుండవు. తెల్లవారాక పక్కన నడిచేవాళ్ళతో చర్చ: ఒక రోజు ఉపనిషత్తు, ఒక రోజు పత్తి ధర, ఒక రోజు ఆ జిల్లా కౌలు సంగతి. ఎవరికి ఏ అనుమానమున్నా ఆయన వేగంతో సమానంగా నడుస్తూ అడగాలి. ఎండ ముదరకముందే పది పన్నెండు మైళ్ళు దాటి తర్వాతి ఊరు చేరడం, మధ్యాహ్నం ఊరివాళ్ళ గోడు వినడం, సాయంత్రం ప్రార్థన సభలో మాట్లాడటం, తొందరగా పడుకోవడం. ఉదయం నడకలో నలిగిన మాటే సాయంత్రం సభలో వినబడేది. సభలో జనం అడిగినదాన్ని మర్నాటి చీకటి మౌనంలోకి మోసుకుపోయేవారు. పదమూడేళ్ళ పాటు ఇదే దినచర్య. కొత్త ఆలోచన కోసం ఆయన విడిగా సమయం కేటాయించుకోలేదు, ఊరికీ ఊరికీ మధ్య దూరమే ఆ సమయం.

తెలంగాణలో యాభై రోజుల పైచిలుకు తిరిగి, రెండు వందల దాకా ఊళ్ళు దాటేసరికి 12 వేల ఎకరాలకు పైగా వచ్చాయి. ఆ ఏడే ప్రణాళికా సంఘంతో మాట్లాడటానికి నెహ్రూ ఢిల్లీకి రమ్మంటే, సెప్టెంబరులో బయల్దేరి అక్కడికీ నడిచే వెళ్ళారు. రెండు నెలలు పట్టింది. రాజ్‌ఘాట్ దగ్గర గుడిసెలో దిగి, అక్కడే ప్రణాళికా సంఘం వాళ్ళతో మాట్లాడారు. 1952లో ఉత్తరప్రదేశ్‌లోని మంగ్రోఠ్‌లో ఊరివాళ్ళు దాదాపు మొత్తం భూమిని కలిపి ఇస్తామన్నారు. అక్కడి నుంచి గ్రామదానం అనే మరో మెట్టు మొదలైంది. దాన్ని ఆయన ముందుగా ఊహించి పెట్టుకోలేదు, ఊరే ఎదురొచ్చి చేతికిచ్చింది. బీహార్లో భూదానం 20 లక్షల ఎకరాలు దాటింది. 1960లో చంబల్ లోయలో బందిపోట్లు ఆయన ముందు ఆయుధాలు దించారు. 1962లో తూర్పు పాకిస్తాన్‌లోనూ పదహారు రోజులు నడిచారు, అక్కడా భూమి ఇచ్చినవాళ్ళున్నారు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే నా వృత్తికి ద్రోహం చేసినట్టే. వచ్చిన భూమి మొత్తం నలభై లక్షల ఎకరాలు దాటింది. అందులో ఎంతో భాగం పేదల చేతికి పోనేలేదు. రాళ్ళగుట్టలు, వాగు పోటెత్తే ఒడ్లు, అప్పటికే తగాదాలో ఉన్న చెలకలు దానపత్రాల మీదికి ఎక్కాయి. కొన్ని పత్రాల్లో సర్వే నంబరు లేదు. నంబరున్న చోట అందులో ఏ మూల నుంచి ఏ మూలకో రాయలేదు. పన్నెండెకరాల నంబరులో మూడెకరాలు దానమంటే ఆ మూడు ఎటువైపు? బావి ఉన్న వైపా, బండ ఉన్న వైపా? కాగితం చెప్పదు. ఇచ్చిన మనిషి పోయాక కొడుకులు బండ వైపు చూపిస్తారు, కొన్నిచోట్ల అదీ చూపించరు.

దీన్ని చాలామంది దాతల కపటమంటారు. కపటం లేదనను. కానీ అసలు లోటు ఇంకొకటి ఉంది. వినోబా ఊరి నుంచి ఊరికి నడిచారు. ఒక ఊరికి ఒక పగలు, ఒక రాత్రి. మనిషి మనసు కదలడానికి ఆ వేళ చాలింది. నేల హద్దు తేలడానికి చాలదు. ఆయన వెళ్ళిపోయిన మర్నాడు దాత, గ్రహీత, పట్వారీ, చైన్‌మన్ నలుగురూ కలిసి ఆ చేను చుట్టూ నడవాల్సింది. గొలుసు పరవాల్సింది, రాళ్ళు పాతాల్సింది, పంచనామా రాయాల్సింది. ఆ రెండో నడక చాలా ఊళ్ళలో జరగలేదు. కార్యకర్తలు ఆయన వెంట ముందుకు సాగిపోయారు, పట్వారీ తన ఇంటి అరుగు మీదే ఉండిపోయాడు. చాలాచోట్ల ఆ పట్వారీ దొర మనిషే.

తెలంగాణలో దీనికి తోడు మరొక సంగతి జరిగింది. 1954-55లో ఖాస్రా పహాణీ తయారైంది. ఏ నంబరులో ఎవరు కాస్తు చేస్తున్నారో, పట్టాదారు ఎవరో ఊరూరా రాసిన రికార్డు అది. ఇవాళ్టికీ భూమి తగాదా వచ్చిందంటే వకీలు మొదట అడిగేది ఖాస్రా నకలే. దానమైన భూమి ఆ రికార్డులోకి గ్రహీత పేరు మీద ఎక్కితే ఆ కుటుంబానికి నిలబడటానికి ఒక నేల దొరికినట్టు. పాత పట్టాదారు పేరే ఉండిపోతే, దానపత్రం ఎంత పెద్ద మనసుతో రాసిందైనా, కచేరీలో దాని మాట చెల్లడం కష్టం. 1965లో ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది, దాని కింద బోర్డు వచ్చింది. అప్పటికి పోచంపల్లి సంఘటన జరిగి పద్నాలుగేళ్ళు. ఆ మధ్యలో భూములు చేతులు మారాయి, కొన్ని అమ్ముడుపోయాయి, హైదరాబాదు చుట్టుపక్కల వాటి ధరలు ఆ తర్వాత ఎక్కడికో పోయాయి.

ఆ 1965లోనే ఇంకో మార్పు వచ్చింది. అంతకు ముందు ఏడాది వినోబా నడక ముగించి పౌనార్ చేరారు. ఒంట్లో ఓపిక తగ్గింది, వయసు 70కి దగ్గరపడింది. బీహార్ కార్యకర్తలు గ్రామదానం ఉధృతంగా సాగాలని కోరితే మళ్ళీ బయల్దేరారు, ఈసారి కారులో. తూఫాన్ యాత్ర అని పేరు పెట్టారు. నాలుగేళ్ళలో గ్రామదానం అయిన ఊళ్ళ అంకె అంతకు ముందెన్నడూ లేనంత పెరిగింది. 1969లో బీహార్ రాష్ట్రం దాదాపు మొత్తం దానమైందని ప్రకటించారు. కానీ సంతకాలు పెట్టిన ఊళ్ళలో చాలావాటికి భూమి ఎవరి పేరు మీదికీ మారలేదు, పంట ఎవరి ఇంటికీ కొత్తగా రాలేదు. ఆ వయసులో ఆయన్ని నడవమనే హక్కు ఎవరికీ లేదు, నేనూ అనను. కానీ రెండు రకాల ప్రయాణాల ఫలితాలూ పక్కపక్కనే ఉన్నాయి. నడిచిన కాలంలో ఊరు ఎదురుచెప్పడానికి, అనుమానం తీర్చుకోవడానికి, మర్నాటి ఉదయం పొలిమేర దాకా సాగనంపుతూ ఇంకో మాట అడగడానికి తీరిక ఉండేది. కారు దుమ్ములో ఆ మాటలకు చోటులేకపోయింది.

భూదానం విఫలమైందని ఒక్క మాటలో తేల్చేవాళ్ళతో నాకు పేచీ ఉంది. చేతికొచ్చి, రికార్డుకెక్కి, మూడు తరాలుగా దున్నుకుంటున్న భూమి కూడా ఉంది. ఆ గట్ల మీద నేను నడిచాను. అలాంటి ప్రతి చోటా విచారిస్తే వినిపించేది ఒకటే సంగతి. ఎవరో ఒకరు, ఊరి పెద్దో, సర్వోదయ కార్యకర్తో, మనసున్న రెవెన్యూ గిర్దావరో, ఆ రోజుల్లో పట్టుబట్టి అందరినీ వెంటబెట్టుకుని హద్దు తిప్పారు. రాయి ఎక్కడ పాతారో ముసలివాళ్ళు ఇప్పటికీ చూపిస్తారు.

పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో భూదాన్ పోచంపల్లి. ఇక్కత్ చీరలకు ప్రపంచమంతా పేరు, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. వచ్చినవాళ్ళు వినోబా విగ్రహం దగ్గర ఫోటో తీసుకుంటారు, మగ్గాలు చూస్తారు, చీర కొనుక్కుంటారు. అది మంచిదే.

భూదాన భూముల లెక్క తేల్చాలని నాలాంటివాళ్ళను ఎవరైనా అడిగితే పద్ధతి చెప్తాం. దానపత్రం నకలు, నంబర్ల విస్తీర్ణాలు రాసిన సేత్వార్, టిప్పన్, ఖాస్రా పహాణీ నాలుగూ ఒక సంచిలో పెట్టుకోవాలి. మూడు ఊళ్ళ శివార్లు కలిసే హద్దురాయి దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే అది ఎవరూ కదపడానికి సాహసించని రాయి. అక్కడి నుంచి ఆ నంబరు దాకా నడవాలి. దాత కుటుంబం నుంచి ఒకరు, గ్రహీత కుటుంబం నుంచి ఒకరు, ఊళ్ళో గొర్లు కాసిన ముసలాయన ఒకరు వెంట ఉండాలి. జీపులో పొలం దాకా పోయి జీపీఎస్ యంత్రం నిలబెట్టి అక్షాంశం, రేఖాంశం రాసుకుని వస్తే కొలత తప్పదు గాని, మూడెకరాలు బావి వైపో బండ వైపో ఆ యంత్రానికి తెలియదు. గట్టు వెంట పోతూ ఆ ముగ్గురూ మాట్లాడుకోవాలి. ఆ మాటల మీద చివర పంచనామా రాసి, సంతకాలు పెట్టించి, అదే వారంలో రికార్డుకు ఎక్కించాలి. ఒక్కో ఊరికి కొద్ది రోజుల పని. జిల్లాలో సర్వేయర్లున్నారు, టిప్పన్లు చాలావరకు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. గొర్లు కాసిన ముసలివాళ్ళే ఏటేటా తగ్గిపోతున్నారు.